మెక్‌డోవెల్ కౌంటీ (వెస్ట్ వర్జీనియా) లెక్కలు చూసి భయపడాలా? జె-1 వేవర్ ఉద్యోగం గురించి

వేణు_కరీంనగర్

అందరికీ నమస్కారం. మా చెల్లెలు ఒహాయోలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ చేస్తోంది, వచ్చే జూన్‌తో అయిపోతుంది. జె-1 వీసా కాబట్టి రెండేళ్లు ఇండియాకి వెళ్లిపోవాలి, లేదంటే ఆ షరతు నుంచి మినహాయింపు (వేవర్) తీసుకుని డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పని చేయాలి. ఇప్పుడు వెస్ట్ వర్జీనియాలో దక్షిణం చివర మెక్‌డోవెల్ కౌంటీలో ఒక క్లినిక్ నుంచి ఆఫర్ వచ్చింది. జీతం బాగుంది, ఇంటర్వ్యూ చేసినవాళ్లు చాలా మర్యాదగా మాట్లాడారట, తనకి వెళ్లాలనే ఉంది.

నేను సెన్సస్ సైట్‌లో ఆ కౌంటీ పేజీ తెరిచి చూశాను, అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. 2020లో జనాభా 19,111. సుమారు మూడో వంతు మంది పేదరికపు గీత కింద. డిగ్రీ చదివినవాళ్లు ఇరవైమందికి ఒకరు అటూ ఇటూ. ఇళ్ల మీడియన్ విలువ యాభై వేల డాలర్ల లోపు, ఆ డబ్బుకి మా డల్లాస్‌లో కారు షెడ్డు కూడా రాదు. 65 ఏళ్లు నిండనివాళ్లలోనే నాలుగో వంతు మందికి ఏదో ఒక వైకల్యం. అన్నిటికన్నా భయపెట్టింది ఆయుర్దాయం, 2010 నాటి అంచనా ప్రకారం అక్కడి మగవాళ్లకి 64 ఏళ్లు. అదే ఏడు పక్క రాష్ట్రం వర్జీనియాలో, వాషింగ్టన్ దగ్గరున్న ధనిక కౌంటీ ఫెయిర్‌ఫాక్స్‌లో 82. రెండిటి మధ్య దూరం 350 మైళ్లే! నాన్నకి ఈ సంగతి చెప్పగానే "ఆడపిల్లని అక్కడికి పంపొద్దు" అని తేల్చేశారు. ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లు, ఈ లెక్కలు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఈ అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి?

అనిల్_షార్లెట్

వేణు, సూటిగా చెప్తున్నాను, వద్దు. నేను ఆ రాష్ట్రం మీదుగా చాలాసార్లు కారులో వెళ్లాను. కొండల మధ్య మూతపడ్డ షాపులు, కూలిపోతున్న ఇళ్లు. అమెరికాలో పేద కౌంటీల గురించి పేపర్లో ఏ వ్యాసం వచ్చినా ఈ పేరు ఉంటుంది. మత్తు మందుల ఓవర్‌డోస్ చావుల్లో దేశంలోనే ముందు వరసలో ఉండేది. మిడ్‌వెస్ట్‌లో వేవర్ ఉద్యోగాలు బోలెడు ఉన్నాయి, నెబ్రాస్కా, అయోవా చూసుకోమనండి. అంకెలు అంత స్పష్టంగా చెప్తుంటే మళ్లీ అర్థం చేసుకునేది ఏముంది?

లెక్కలమాస్టారు

అనిల్ గారూ, అంకెలు స్పష్టంగానే ఉన్నాయి, అవి ఏ ప్రశ్నకి జవాబు అన్నదే చూడాలి. నాది స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పే పని, ఇలాంటి చిన్న కౌంటీల పట్టికలతోనే నాకు రోజూ కుస్తీ, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

వేణు గారు చూసిన పేజీలో లేనిది వెనకటి వరస. 1950 జనగణనలో ఈ కౌంటీలో 98,887 మంది. 1960కి 71,359. 1970కి 50,666. 1980లో 49,899. 1990లో 35,233, 2000లో 27,329, 2010లో 22,113, 2020లో 19,111. డెబ్భై ఏళ్లలో ప్రతి అయిదుగురికి నలుగురు లేకుండా పోయారు. యుద్ధం రాలేదు, కరువు రాలేదు. యాభైల్లో గనుల్లోకి యంత్రాలు వచ్చాయి. 1950లో యూనియన్ నాయకుడు జాన్ ఎల్. లూయిస్ బొగ్గు కంపెనీలతో కుదుర్చుకున్న ఒప్పందం సారాంశం ఇది: యంత్రాలు రానివ్వండి, మిగిలిన కార్మికులకి మంచి జీతం, వైద్యం, పెన్షన్ ఇవ్వండి. మిగిలినవాళ్లకి అవి వచ్చాయి, మిగలనివాళ్లు డెట్రాయిట్, క్లీవ్‌లాండ్ బస్సు ఎక్కారు. డెబ్భైల్లో జనాభా దాదాపు నిలకడగా ఉండటం గమనించండి, చమురు ధరలు మండిపోవడంతో బొగ్గుకి మళ్లీ గిరాకీ వచ్చిన కాలం అది. ఎనభైల్లో ఉక్కు పరిశ్రమ కుప్పకూలింది. ఇక్కడి పోకహాంటస్ బొగ్గు ముఖ్యంగా ఉక్కు కోసం వాడే రకం. ఇదే కౌంటీలోని గేరీ ఊరి దగ్గర యు.ఎస్. స్టీల్ గనులు 1986లో మూతపడ్డాయి. ఆ ఒక్క దశాబ్దంలో 14,666 మంది తగ్గారు.

ఇక అసలు విషయం. వెళ్లిపోయేది ఎవరు? వయసులో ఉన్నవాళ్లు, చదువుకున్నవాళ్లు, ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లు. ఒక తరగతిలో ముందు వరస ర్యాంకర్లంతా వేరే స్కూలుకి మారిపోయాక మిగిలినవాళ్ల సగటు తీసి, ఈ స్కూలు గాలి పీలిస్తే మార్కులు తగ్గుతాయి అంటే ఎలా ఉంటుంది? డిగ్రీవాళ్లు ఇరవైకి ఒకరు అన్న లెక్కలో, అక్కడే పుట్టి అక్కడి స్కూల్లోనే చదివి ఇప్పుడు నార్త్ కరోలినాలో ఇంజినీరుగా ఉన్న మనిషి కనిపించడు. ఆయన ఇంకో కౌంటీ సగటుని పెంచుతున్నాడు.

ఆయుర్దాయం 64 అంటే మగవాళ్లంతా 64కి పోతారని కాదు. ముప్పైల్లో, నలభైల్లో పోయిన ఒక్కొక్కరూ ఆ సగటుని బలంగా కిందికి లాగుతారు. మత్తు మాత్రలతో జరిగింది అదే. మీ చెల్లెలు ఆ నీళ్లు తాగినంత మాత్రాన ఆమె ఆయుష్షు తగ్గదు. ఆమె రోగుల సంగతి వేరు, వాళ్ల గురించి డాక్టర్లు ఎవరైనా చెప్తే బాగుంటుంది.

సింగరేణి_బిడ్డ

మాస్టారు గారు రాసిన జనాభా వరస చదువుతుంటే మా బెల్లంపల్లి గుర్తొచ్చింది. మా బాపు బాయిల పనిచేశాడు. తొంభైల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవాళ్లు, ఇప్పుడు నలభై వేలకు అటూ ఇటూ. అండర్‌గ్రౌండ్ బాయిలు మూసేసి ఓపెన్ కాస్టులు తెరిచాక బెల్లంపల్లిలో వీధులకు వీధులే ఖాళీ అయ్యాయి. కాకపోతే మా దగ్గర కంపెనీ ప్రభుత్వానిది, రాష్ట్రం వాటా 51, కేంద్రం వాటా 49. కొట్లాడటానికి ఒక ఆఫీసు, ఒక ఎమ్మెల్యే, ఒక యూనియన్ గుర్తింపు ఎన్నిక ఉంటాయి. అక్కడ భూమి, బొగ్గు ఎవరిది? అన్నేళ్లు అంత బొగ్గు తీస్తే ఆ డబ్బంతా ఎటు పోయింది?

కొండదారి

నేను ఆ కౌంటీకి ఆనుకుని ఉన్న ఇంకో బొగ్గు కౌంటీలో డాక్టరుగా పని చేస్తున్నాను. నేనూ వేవర్ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయినవాణ్నే, మాది తెనాలి పక్క పల్లె.

సింగరేణి తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. దక్షిణ వెస్ట్ వర్జీనియాలో మెక్‌డోవెల్‌తో సహా అయిదు కౌంటీల్లో ప్రైవేటు భూమిలో సగం, లేదా అంతకన్నా ఎక్కువ, ఒక్కో కౌంటీలో పదిమంది యజమానుల చేతుల్లోనే ఉందని 2013లో ఒక అధ్యయనం తేల్చింది. వాళ్లలో ఎక్కువమంది బయటి కంపెనీలే. చాలాకాలం దేశంలో అందరికన్నా ఎక్కువ బొగ్గు తీసిన కౌంటీల్లో ఇది ముందుండేది. ఆ బొగ్గుతో పిట్స్‌బర్గ్ చుట్టూ ఉక్కు తయారైంది, లాభం న్యూయార్క్, ఫిలడెల్ఫియాలకు చేరింది, ఊపిరితిత్తుల్లో దుమ్ము మాత్రం ఇక్కడివాళ్లకి మిగిలింది.

వేణు బాబూ, వైకల్యం నాలుగో వంతు అని రాశావు కదా. ఆ అంకె వెనక ఉన్న మనుషుల్ని నేను రోజూ చూస్తాను. బ్లాక్ లంగ్ అంటారు ఇక్కడ, బొగ్గు దుమ్ము, రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడిపోవడం. 1968 నవంబరులో ఇదే రాష్ట్రంలో ఫార్మింగ్‌టన్ గనిలో పేలుడు జరిగి 78 మంది చనిపోయారు. ఆ తర్వాత 1969 ఫిబ్రవరిలో గని కార్మికులు వేల సంఖ్యలో సమ్మెకి దిగారు, ఆ ఏడాదే దుమ్ము మోతాదుకి హద్దు పెడుతూ, బ్లాక్ లంగ్ వచ్చినవాళ్లకి పరిహారం ఇస్తూ కేంద్ర చట్టం వచ్చింది. కొన్నాళ్లు జబ్బు తగ్గింది. మళ్లీ పెరిగింది, అదీ ముసలివాళ్లలో కాదు, నలభైల్లో ఉన్నవాళ్లలో. మందపాటి బొగ్గు పొరలు అయిపోయాయి, ఇప్పుడు సన్నటి పొర కోసం మధ్యలో ఉన్న రాయినీ కలిపి కోస్తున్నారు, అందులోంచి సిలికా వస్తుంది, బొగ్గు దుమ్ము కన్నా అది ఎన్నో రెట్లు ప్రమాదం. మెట్లు ఎక్కలేక మధ్యలో ఆగిపోయే మనిషికి నా కన్నా చిన్న వయసు ఉంటే ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

కాబట్టి ఆ నాలుగో వంతు సోమరితనం లెక్క కాదు. పని చేసి అరిగిపోయినవాళ్ల లెక్క.

అనిల్_షార్లెట్

డాక్టర్ గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. పని లేనప్పుడు మనుషులు కదలాలి కదా. మనమంతా వేల మైళ్లు దాటి వచ్చినవాళ్లమే. ఆ కౌంటీ ఆదాయంలో దాదాపు సగం ప్రభుత్వం నుంచి వచ్చే డబ్బే అని 2014 ప్రాంతంలో పేపర్లో చదివాను. ఫుడ్ స్టాంపులు (పేదలు తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం) ఇచ్చి జనాన్ని అక్కడే కట్టి పడేస్తున్నారేమో.

పద్మజ_బ్లాక్స్‌బర్గ్

అనిల్ గారూ, నలుగురు వెళ్లిపోయాక మిగిలిన అయిదో మనిషిని పట్టుకుని నువ్వెందుకు వెళ్లలేదు అని అడుగుతున్నారు. ఆ మనిషి ఎవరో కూడా చూడాలి.

ఫుడ్ స్టాంపుల మాట ఎత్తారు కాబట్టి చెప్తాను. ఇప్పుడున్న పథకం మొదలైందే అక్కడ. 1960 వసంతంలో కెనెడీ ప్రచారానికి వచ్చి ఈ కొండ ఊళ్లలో తిరిగాడు, అధ్యక్షుడయ్యాక 1961 మే 29న కౌంటీ కేంద్రమైన వెల్చ్‌లో ప్రయోగాత్మక పథకం కింద మొదటి స్టాంపులు ఇచ్చారు. పనిలేని గని కార్మికుడి కుటుంబం, ఇంట్లో పదిహేనుమంది, నెలకి 95 డాలర్ల స్టాంపులు. అప్పటికే యాభైల్లో పాతిక వేలకు పైగా జనం తగ్గిపోయారు, మాస్టారు ఇచ్చిన వరస చూడండి. స్టాంపులు వచ్చాక ఆగిందా వలస? ఆగలేదు, అరవైల్లో ఇంకో ఇరవై వేలు తగ్గారు. కాబట్టి స్టాంపులు కట్టి పడేశాయన్న వాదన ఈ అంకెల ముందు నిలవదు.

కదలకపోవడానికి కారణం ఇల్లు. అక్కడ నాలుగిళ్లలో సుమారు మూడు సొంతిళ్లే, ఇది దేశపు సగటు కన్నా ఎక్కువ. చాలావాటికి అప్పు కూడా లేదు. బొగ్గు కంపెనీలు కట్టిన క్వార్టర్లను యాభైల్లో కార్మికులకే అమ్మేశాయి, అలా ఇళ్లు చేతికొచ్చాయి. కానీ ఆ ఇల్లు అమ్మితే వచ్చే డబ్బుతో మీ షార్లెట్‌లో ఇల్లు కొనలేరు. అరవై ఏళ్ల అమ్మమ్మ, ఆమె దగ్గర ఇద్దరు మనవలు, తల్లి మత్తు చికిత్సలోనో జైల్లోనో. ఇలాంటి ఇళ్లు తక్కువేం కాదు, ఒక దశలో ఆ కౌంటీ పిల్లల్లో 46 శాతం మంది కన్నవాళ్ల దగ్గర లేరని లెక్క తేలింది. ఆ అమ్మమ్మ ఎక్కడికి కదులుతుంది, ఎవరిని నమ్ముకుని?

లెక్కలమాస్టారు

పద్మజ గారికి తోడుగా ఇంకో మాట. ఆ "ప్రభుత్వం నుంచి వచ్చే డబ్బు" అన్న ఖాతాలో ఏముంటాయో చూడండి. సోషల్ సెక్యూరిటీ పెన్షన్ అందులోదే, పెద్దవాళ్ల ప్రభుత్వ వైద్య బీమా మెడికేర్ అందులోదే. ఈ రెండిటికీ కార్మికుడు జీవితాంతం జీతంలోంచి కట్టాడు. వయసులో ఉన్నవాళ్లు వెళ్లిపోయి పెద్దవాళ్లు మిగిలిన ఏ కౌంటీలోనైనా ఈ వాటా పెరుగుతుంది. జీతాలు తగ్గినా పెరుగుతుంది, ఎందుకంటే అది వాటా. మొత్తం సొమ్ము ఒక్క డాలరు పెరగకపోయినా శాతం పెరగొచ్చు.

నిరుద్యోగ రేటు సంగతి దీనికి తలకిందులు. అది కొన్నేళ్లు చూడటానికి పరవాలేదనిపిస్తుంది. పని వెతుక్కుంటున్నవాళ్లనే అందులో లెక్కిస్తారు, వెతకడం మానేసినవాళ్లు ఆ లెక్కలోకే రారు. ఈ కౌంటీలో 16 ఏళ్లు దాటినవాళ్లలో పని చేస్తున్నవాళ్లు, వెతుకుతున్నవాళ్లు కలిపి సుమారు మూడో వంతు. మిగతా మూడింట రెండు వంతుల్లో పెద్దవాళ్లు, జబ్బుపడినవాళ్లు, పిల్లల్ని చూసుకునేవాళ్లు, ఇంకొకరకం మనుషులు కూడా ఉన్నారు.

ఆ ఇంకొకరకం ఖైదీలు. 2010లో అక్కడ ఫెడరల్ జైలు తెరిచారు, వెయ్యి మందికి పైగా ఉంటారు. జనగణన నియమం ప్రకారం ఖైదీని జైలున్న చోటే లెక్కిస్తారు. అంటే 19,111లో ఏ ఇంటి తలుపు తట్టినా కనిపించని ఒక వెయ్యి మందికి పైగా మగవాళ్లు ఉన్నారు. తలసరి ఆదాయం తీసేటప్పుడు వాళ్లు కూడా తలలే, ఆదాయం మాత్రం ఉండదు. పేదరికపు రేటులో మాత్రం వాళ్లని కలపరు. ఒకే పేజీలో పక్కపక్కనే ఉన్న రెండు అంకెలకి కింద ఉన్న జనం వేరు. నల్లజాతివాళ్ల శాతం చూసినా ఇదే జాగ్రత్త పడాలి. ఒకప్పుడు ఈ కౌంటీలో దాదాపు నాలుగో వంతు నల్లజాతి గని కార్మికుల కుటుంబాలే, మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికుల కోసం 1928లో కింబాల్ ఊళ్లో కట్టిన స్మారక భవనం ఇప్పటికీ ఉంది. యంత్రాలు రాగానే ముందు ఉద్యోగాలు పోయింది ఆ కుటుంబాలకే. ఇవాళ పట్టికలో పదో వంతు లోపు కనిపించే ఆ శాతంలో జైల్లో ఉన్నవాళ్లు కూడా కలిసి ఉన్నారు.

విజయ_గుంటూరు_టు_ఒమాహా

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఓవర్‌డోస్ రేటు గురించి అనిల్ గారు అన్నది నిజమే కదా? ఇంత చిన్న చోట అంత పెద్ద రేటు అంటే ఆడపిల్ల ఒంటరిగా ఉండటానికి భద్రత ఉంటుందా అన్నది వేణు వాళ్ల నాన్నగారి భయం అనుకుంటాను.

లెక్కలమాస్టారు

విజయ గారూ, రేటు పెద్దదే, దాన్ని తగ్గించి చెప్పను. దాన్ని చదివే పద్ధతి చెప్తాను. 19 వేల మందిలో ఒక్క చావు అంటే లక్షకి 5 కన్నా ఎక్కువ. ఒక ఏడాది నాలుగు చావులు ఎక్కువైతే రేటు 20 పైన ఎగురుతుంది, దేశంలో వందల కౌంటీల్ని దాటేస్తుంది. అందుకే చావులు పది లోపు ఉంటే కేంద్ర ఆరోగ్య సంస్థ సీడీసీ తన బహిరంగ పట్టికల్లో అంకెనే చూపించదు, ఇరవై లోపు ఉంటే ఆ రేటు నమ్మదగింది కాదని పక్కన రాస్తుంది. సెన్సస్ బ్యూరో కూడా తన ప్రధాన సర్వేలో 65 వేల జనాభా లోపు ఉన్న కౌంటీలకి ఒక ఏడాది పూర్తి పట్టికలు ఇవ్వదు, అయిదేళ్లవి కలిపి ఇస్తుంది. కాబట్టి ఈ ఏడాది ర్యాంకు, పోయిన ఏడాది ర్యాంకు అని పోల్చే వార్తల్ని పట్టించుకోకండి. పదేళ్ల దిశ చూడండి.

భద్రతకి ఆ రేటు కొలబద్ద కాదు. ఓవర్‌డోస్‌లో పోయేది మత్తుకి చిక్కిన మనిషి, దారిన పోయే డాక్టరు కాదు.

కొండదారి

విజయమ్మా, నాన్నగారి భయాన్ని నేను కొట్టిపారేయను, నాకూ కూతుళ్లున్నారు. నేను చూసినంతలో ఇక్కడి మనుషులు డాక్టర్‌ని ఇంటి మనిషిలా చూసుకుంటారు. మన పేరు పలకడం రాకపోతే రెండుసార్లు అడిగి నేర్చుకుంటారు. తోటలో టమాటాలు, బీన్సు తెచ్చి ముందు గదిలో పెట్టి వెళ్తారు. 2008లో ఈ కౌంటీ ఒబామాకి సగానికి పైగా ఓట్లు వేసింది, 2016లో ట్రంప్‌కి నాలుగింట మూడొంతులు వేసింది. ఆ రెండు ఓట్లూ వేసిన మనుషులు నా దగ్గరికి వస్తారు, పరీక్ష గదిలో ఎవరూ నన్ను నీ దేశం వెళ్లిపో అనలేదు. అందరికీ ఇదే అనుభవం అని హామీ ఇవ్వలేను, నాది మాత్రం ఇది.

నిజమైన కష్టం ఒంటరితనం, దూరం. ఆ కౌంటీలో ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాల్ని కలిపే పెద్ద హైవే) లేదు. రోడ్డు 52 కొండల్ని చుట్టుకుంటూ పోతుంది, బొగ్గు లారీ వెనక చిక్కితే అంతే సంగతులు. గుండెపోటు రోగిని పెద్ద ఆసుపత్రికి పంపాలంటే వాతావరణం బాగుంటే హెలికాప్టర్, మంచు పడితే అంబులెన్సు. 1899లో రాష్ట్ర శాసనసభ గని కార్మికుల కోసం కట్టించాలనుకున్న మూడు ఆసుపత్రుల్లో ఒకటి వెల్చ్‌లోనే వచ్చింది. అంత పాత వైద్య చరిత్ర ఉన్న చోట ఇవాళ స్పెషలిస్టు కోసం గంటన్నర ప్రయాణం. కొత్తగా వచ్చిన డాక్టరు మీద ఆ బరువంతా పడుతుంది. చెల్లికి అది చెప్పండి, ఆయుర్దాయం అంకె కాదు.

సింగరేణి_బిడ్డ

తిండి, నీళ్లు ఎట్లా? వాల్‌మార్ట్ కూడా పోయిందని ఎక్కడో చదివిన.

పద్మజ_బ్లాక్స్‌బర్గ్

అవును, కింబాల్‌లో 2005లో తెరిచారు, 2016 జనవరిలో మూసేశారు. దాదాపు 140 మందికి ఉద్యోగాలు పోయాయి. దాంతో తాజా కూరగాయలు, మందులు, నలుగురూ కలుసుకునే చోటు అన్నీ ఒకేసారి పోయాయి. అక్కడి ఫుడ్ బ్యాంకుకి ఆ స్టోర్ నుంచే సరుకు వచ్చేది, అదీ ఆగింది. జనాభా తగ్గితే షాపు గిట్టుబాటు కాదు, షాపు పోతే ఇంకొందరు వెళ్తారు. వెల్చ్‌లో సూపర్‌మార్కెట్ ఉంది, చిన్న డాలర్ షాపులు ఉన్నాయి. మన పప్పులు, కరివేపాకు కావాలంటే వర్జీనియాలోని మా బ్లాక్స్‌బర్గ్ రావాలి, యూనివర్సిటీ ఉంది కాబట్టి మనవాళ్లు బాగానే ఉన్నారు. చెల్లెల్ని మా ఇంటికి భోజనానికి రమ్మనండి, నిజంగానే చెప్తున్నాను.

నీళ్ల సంగతి జాగ్రత్తగా చూసుకోవాలి. ఆ ఊళ్లలో పైపులు వేసింది బొగ్గు కంపెనీలే, గనులు మూశాక పైపుల్ని అలాగే వదిలేసి వెళ్లాయి. కీస్టోన్ ఊళ్లో ఏళ్ల తరబడి నీళ్లు కాచుకుని తాగమని నోటీసు ఉండేది. కొన్నిచోట్ల రోడ్డు పక్క కొండ ఊటల నుంచి జనం డబ్బాలతో పట్టుకెళ్తారు. ఊరూరికీ కొత్త లైన్లు పడుతున్నాయి, పని నెమ్మదిగా సాగుతోంది. ఇల్లు చూసేటప్పుడు నీళ్లు ఏ సంస్థ ఇస్తోందో అడగాలి.

ఇంకోటి వరద. కొండలు నిటారుగా ఉంటాయి, ఇళ్లు కట్టుకోవడానికి చదును నేల వాగు పక్కనే దొరుకుతుంది. 2001 జులైలో ఒకసారి, మళ్లీ ఏడాది తిరక్కుండా 2002 మేలో ఇంకోసారి ఊళ్లు మునిగాయి. 2025 ఫిబ్రవరిలో మళ్లీ వచ్చింది, ఆ కౌంటీలో ముగ్గురు చనిపోయారు, వాళ్లలో రెండేళ్ల పసిబిడ్డ ఉంది. మా గుడి కమిటీ తరఫున నీళ్ల సీసాలు, దుప్పట్లు తీసుకెళ్లాం. తమ ఇంట్లో బురద తీయకుండా ముందు పక్కింటి ముసలాయన ఇల్లు కడుగుతున్న కుర్రాళ్లని చూశాను. ఈ సాయం ఏ పట్టికలోనూ శాతంగా కనిపించదు, అయినా ఆ చోటు బతికి ఉన్నది దానివల్లే అని నా నమ్మకం.

అనిల్_షార్లెట్

పద్మజ గారూ, డాక్టర్ గారూ, మీరు చెప్పింది విన్నాను. అక్కడివాళ్ల మంచితనం మీద నాకు అనుమానం లేదు. అయినా ఒక యువతి కెరీర్ మొదట్లో అంత బరువు మోయాలా అన్నది నా మాట. మూడేళ్ల తర్వాత ఆమె వెళ్లిపోతే ఆ ఊరికి మళ్లీ మొదటికే కదా. టీచర్ల విషయంలోనూ అదే విన్నాను.

కొండదారి

అది నిజమైన సమస్య, ఒప్పుకుంటాను. ఏడాదికి రాష్ట్రానికి 30 వేవర్లు ఇచ్చే ఈ పద్ధతి 1994లో సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరు మీద వచ్చింది, మొదట్లో 20 ఉండేవి. దీంతోపాటు ఈ కొండ ప్రాంతపు అభివృద్ధి చూసే అప్పలాచియన్ రీజినల్ కమిషన్‌కి వేరే దారి ఉంది, ప్రైమరీ కేర్ వాళ్లకి అదీ పనికొస్తుంది. మూడేళ్లు కాగానే చాలామంది వెళ్లిపోతారు, కొందరం ఉండిపోయాం. మూడేళ్లలో ఒక డాక్టరు ఆరువందల మంది బీపీ, షుగర్ అదుపులో పెడితే అది మొదటికి రావడం కాదు, ఆ మూడేళ్లు వాళ్లకి మిగిలినట్టే.

టీచర్ల సంగతి. అక్కడి స్కూళ్లని 2001లో రాష్ట్రం తన చేతిలోకి తీసుకుంది, 2013లో తిరిగి ఇచ్చింది. ఉపాధ్యాయ సంఘం ముందుండి వెల్చ్‌లో టీచర్లకు అపార్ట్‌మెంట్లు కట్టించింది, ఎందుకంటే జీతం ఉన్నా అద్దెకి మంచి ఇల్లు దొరక్క కొత్తవాళ్లు నిలవడం లేదు. మీ చెల్లెలికి కూడా అదే ఇబ్బంది. మావాళ్లు కొందరు పక్క కౌంటీలోని బ్లూఫీల్డ్, ప్రిన్స్‌టన్‌లో ఉండి రోజూ కారులో వెళ్లి వస్తారు.

వేణు_కరీంనగర్

అందరికీ చాలా థ్యాంక్స్. ఈ చర్చంతా చెల్లికి పంపాను, నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. నాన్న ఇంకా ఒప్పుకోలేదు, "ముందు వెళ్లి చూసి రమ్మను" అన్నారు, మొన్నటిదాకా అదీ అనలేదు. చెల్లి వచ్చే నెల అక్కడికి వెళ్తోంది. డాక్టర్ గారూ, అక్కడ ఏమేం అడగాలో చెప్తే తను రాసుకుంటుంది. మాస్టారూ, మీరు చూడమనే పట్టిక ఏదైనా ఉంటే చెప్పండి.

లెక్కలమాస్టారు

కౌంటీ మొత్తం పట్టిక వదిలేసి సెన్సస్ ట్రాక్ట్ (కౌంటీలో కొన్ని వేల మంది ఉండే చిన్న భాగం) స్థాయికి వెళ్లండి. వెల్చ్ చుట్టూ ఒకలా ఉంటుంది, జైలున్న ట్రాక్ట్ ఇంకోలా కనిపిస్తుంది, దక్షిణాన వార్ ఊరి వైపు మరోలా. ప్రతి అంచనా పక్కన అది ఎంత అటూ ఇటూ కావొచ్చో చెప్పే ప్లస్ ఆర్ మైనస్ ఉంటుంది, అంత చిన్నచోట అది ఒక్కోసారి అంకెలో సగం ఉంటుంది, దాన్ని చూడకుండా ఏ పోలికా చేయకండి. 2020 జనగణనలో గోప్యత కోసం చిన్న ప్రాంతాల అంకెల్లో కావాలనే కాస్త గందరగోళం కలిపారు, కాబట్టి వీధి స్థాయి అంకెల మీద అసలు ఆధారపడొద్దు.

కొండదారి

అమ్మాయికి నా సలహాలు. వారానికి ఎన్ని రాత్రులు ఆన్ కాల్, ఇంకో డాక్టరు సెలవులో ఉంటే ఎవరు చూస్తారు అన్నది నోటి మాటగా కాదు, కాగితం మీద అడగాలి. ఇంతకుముందు ఆ పోస్టులో ఉన్న డాక్టరు ఎందుకు వెళ్లిపోయారో అడిగి, వీలైతే ఆయనకే ఫోన్ చేయాలి. మత్తు నుంచి బయటపడేవాళ్లకి బుప్రెనార్ఫిన్ ఇచ్చే ఏర్పాటు, కౌన్సిలర్ ఉన్నారా, బ్లాక్ లంగ్ పరీక్షలు దగ్గర్లో ఎక్కడ చేస్తారు, ఇవి తెలుసుకోవాలి, ఎందుకంటే వచ్చిన మొదటి వారం నుంచే ఆ రోగులు వస్తారు. ఉద్యోగం మానేశాక ఇన్ని మైళ్ల లోపు ప్రాక్టీసు చేయకూడదు అనే షరతు ఉంటే సంతకం పెట్టొద్దు, వేవర్ ఒప్పందంలో అలాంటిది ఉండకూడదు. పని చేసే క్లినిక్ అడ్రసు, వారానికి నలభై గంటలు, మూడేళ్లు అన్నవి ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. రెండు చోట్ల పని ఉంటే రెండు అడ్రసులూ రాయించుకోవాలి. అప్పుడే లాయరు చేతికి ఇవ్వండి. ఇంకేమైనా ఉంటే నాకు ఇక్కడే ప్రైవేట్ మెసేజ్ పెట్టమనండి, ఆదివారాలు ఖాళీగానే ఉంటాను.